పట్టా ఉంది, మట్టి ఉంటుందా?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఆగస్టు తొమ్మిదినా మనం నీరు, అడవి, నేల మావే అని గట్టిగా అంటాం. థింసా ఆడతాం. అమరులను తలుచుకుంటాం. ఇదంతా ఉండాలి. ఈ ఏడాది ఆ మూడింటిలో నేల గురించి చెప్పమని సంఘం వాళ్లు మమ్మల్ని అడిగారు. నేల అనగానే మనకు హక్కు గుర్తొస్తుంది, పట్టా గుర్తొస్తుంది, కేసులు గుర్తొస్తాయి. ఆ సంగతులు చెప్పడానికి మనలో మాకంటే తెలిసినవాళ్లు ఉన్నారు. హాస్టల్ పిల్లల్ని చూసుకునే మాకు బడిలో పాఠం చెప్పినట్టు చెప్పడమే వచ్చు. కాబట్టి ఇవాళ నేల అంటే మట్టి అనుకుని మాట్లాడుకుందాం. కాళ్లకు అంటే మట్టి, విత్తనం పడే మట్టి. మన పేరున పట్టా రాసిన ఆ మట్టి ఏమవుతోందో చూద్దాం.

పోరాడి తెచ్చుకున్న నేల

ఈ నేల ఎవరూ ఊరికే ఇవ్వలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత మన కొండలను ఒక్కొక్కటిగా రిజర్వు చేసుకుంటూ పోయారు. పోడు కొట్టడం నేరమన్నారు. ఆ కడుపుమంట 1922లో మన్యం తిరుగుబాటు అయ్యింది. ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. తర్వాత 1970లో, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 వచ్చింది. 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. మన కొండల్లో బాక్సైట్ తవ్వకాలు వద్దని ఊరూరా నిలబడితే, 2015లో ఇచ్చిన 97వ నంబరు జీవోను 2019లో రద్దు చేశారు.

అంటే, కంపెనీ వచ్చి కొండను లారీలకు ఎత్తుకుపోకుండా ఆపుకోగలిగాం. మరి ఆ కొండనే వాన ఎత్తుకుపోతుంటే? దానికి జీవో ఉండదు, సంతకం ఉండదు, ఊరేగింపు ఉండదు. ప్రతి వానకూ కొంచెం కొంచెం పోతుంది. చప్పుడు కూడా చెయ్యదు.

ఇంకొక మాట బాగా గుర్తుపెట్టుకోండి. అటవీ హక్కుల పట్టా భూమి మన పిల్లలకు వారసత్వంగా వస్తుంది. అమ్మడానికి, మరొకరికి రాసివ్వడానికి వీల్లేదు. సాగు భూమికి ఇచ్చే హక్కు నాలుగు హెక్టార్లు, అంటే సుమారు పది ఎకరాలు దాటకూడదు. మన ఇళ్లలో చాలామందికి వచ్చింది అందులో నాలుగో వంతు కూడా లేదు. మైదానంలో రైతు భూమి చెడిపోతే అమ్ముకుని ఇంకోచోట కొనుక్కునే దారి ఎంతో కొంత ఉంటుంది. మనకు ఆ దారి లేదు. ఉన్న వాలు మీద ఉన్న మట్టే మనది. అది కొట్టుకుపోతే పట్టా పుస్తకం బీరువాలో భద్రంగా ఉంటుంది, అందులో రాసిన ఎకరాలూ అలాగే ఉంటాయి, గింజ మాత్రం పండదు.

రాళ్లు పెరుగుతాయా?

మన ఊళ్లలో పెద్దవాళ్లు ఒక మాట అంటుంటారు: "మా గరువులో రాళ్లు పెరిగిపోయాయి." పిల్లలు నవ్వుతారు, రాయి ఎక్కడైనా పెరుగుతుందా అని. పెరగదు. రాయి ఉన్నచోటే ఉంది. దాని చుట్టూ ఉన్న మట్టి దిగిపోయింది. నిన్న నేలలో ఉన్న రాయి ఇవాళ నాగలికి తగులుతోంది. చెట్టు మొదట్లో వేళ్లు బయటికి తేలడం, కంచె గుంజ పునాది కనబడటం, వాన వెలిశాక దారి మీద ఇసుక, గులకరాళ్లు మాత్రమే మిగలడం... ఇవన్నీ ఒకే సంగతి చెబుతాయి. చదువు రాని పెద్దలు చూసి చెప్పిన ఆ మాట అబద్ధం కాదు. అది మన దగ్గర మొదటి నేల సర్వే.

లెక్క కూడా చూద్దాం. ఇస్రో వాళ్లు ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసిన అట్లాసు 2021లో వచ్చింది. దాని ప్రకారం 2018-19 నాటికి మన దేశంలో 9 కోట్ల 78 లక్షల హెక్టార్ల నేల క్షీణించింది. అది దేశం మొత్తం విస్తీర్ణంలో 29.77 శాతం. అంటే ప్రతి పది ఎకరాల్లో దాదాపు మూడు. దానికి అన్నిటికన్నా పెద్ద కారణం నీటి కోత.

1983లో మన దేశ శాస్త్రవేత్తలు వేసిన అంచనా ఒకటి ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో చెబుతారు. దేశం సగటున ఒక హెక్టారు నుంచి ఏడాదికి 16 టన్నులకు పైగా మట్టి కదిలిపోతోంది. కదిలిన మట్టిలో 29 శాతం సముద్రంలో కలుస్తుంది, 10 శాతం జలాశయాల్లో చేరుతుంది, మిగిలింది ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుంది. దాన్ని మన ఎకరాల్లోకి మార్చుకుందాం. ఎకరానికి ఏడాదికి సుమారు ఆరున్నర టన్నులు. రెండు ట్రాక్టర్ల మట్టి అనుకోండి. ఎవరైనా రాత్రిపూట మన గరువులోంచి రెండు ట్రాక్టర్ల మట్టి తోలుకుపోతే ఊరుకుంటామా? పంచాయతీ పెట్టించమా?

ఒక ఎకరంలో ఒక సెంటీమీటరు మందాన మట్టి తీస్తే సుమారు యాభై టన్నులు ఉంటుంది. కాబట్టి దేశ సగటు లెక్కనే ఎనిమిదేళ్లకు ఒక సెంటీమీటరు పోతుంది. ఆ సెంటీమీటరు మళ్లీ తయారవ్వడానికి రాయి అరిగి, ఆకు కుళ్లి, వానపాము తిరిగి కొన్ని వందల ఏళ్లు పడుతుంది. ఆ సగటు లెక్కలో చదునైన మైదానాలు కూడా ఉన్నాయి. మనవి వాలు నేలలు, వానలు ఎక్కువ. మన దగ్గర, గట్టు లేకుండా దున్నిన గరువులో పరిస్థితి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

రెండు గ్లాసుల పాఠం

ఈ సంగతి పిల్లలకు చూపించడానికి హాస్టల్లో మేం చేయించే చిన్న పని ఒకటి ఉంది. మీరూ మీ ఊళ్లో చేసి చూపించండి. ఖర్చు లేదు. ఏటా దున్ని పంట వేసే గరువు నుంచి ఎండిన మట్టిగడ్డ ఒకటి తెచ్చుకోండి. పక్కనే ఎవరూ ముట్టని చెట్ల కింద నుంచి అదే సైజు గడ్డ ఇంకొకటి తెచ్చుకోండి. రెండు గాజు గ్లాసుల నిండా నీళ్లు పోసి, ఒక్కో గడ్డను మెల్లగా అందులో దించండి. చాలాసార్లు ఏం జరుగుతుందంటే, గరువు మట్టి కొద్దిసేపట్లోనే విడిపోయి నీళ్లన్నీ ఎర్రగా అవుతాయి. చెట్ల కింది మట్టి గడ్డగానే నిలబడుతుంది, నీళ్లు తేటగా ఉంటాయి.

తేడా ఎక్కడుంది? చెట్ల కింది మట్టిలో కుళ్లిన ఆకు ఉంది, సన్నని వేళ్లు ఉన్నాయి, కంటికి కనబడని జీవులు ఉన్నాయి. ఇవన్నీ కలిసి మట్టి రేణువులను జిగురులా పట్టి ఉంచుతాయి. దున్ని దున్ని, ఎండకు వదిలేసిన మట్టిలో ఆ జిగురు పోయింది. మనది వేడి దేశం. వేడికి, తడికి ఆకు త్వరగా కుళ్లుతుంది, కుళ్లింది త్వరగా హరించుకుపోతుంది. చలి దేశాల్లో అది ఏళ్ల తరబడి నేలలో నిలవ ఉంటుంది. మన దగ్గర ప్రతి ఏడాదీ కొత్తగా వెయ్యకపోతే మిగలదు. అడవి ఏం చేస్తుంది? ప్రతి ఏడాదీ ఆకు రాల్చి వేస్తూనే ఉంటుంది. పొలంలో ఆ పని మనమే చెయ్యాలి.

ఇప్పుడు వాన సంగతి. పెద్ద వానచినుకు గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. ఆకు మీద పడితే ఆ దెబ్బ ఆకు తింటుంది. ఉత్త నేల మీద పడితే మట్టిగడ్డ పగిలి పిండవుతుంది. ఆ పిండి నేల రంధ్రాలను మూసేస్తుంది. అప్పుడు నీరు లోపలికి ఇంకదు, పైనుంచి పారుతుంది. ఒక ఎకరం మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే రెండు లక్షల లీటర్ల నీళ్లు. మన కొండల్లో ఏడాదికి 1,200 మిల్లీమీటర్లకు పైగానే కురుస్తుంది. అంత నీరు ఇంకితే ఊట, పారితే కోత. మన కష్టమంతా ఈ రెండు మాటల మధ్యే ఉంది.

నేరం పోడుదేనా?

మట్టి కోత అనగానే బయటివాళ్లు వేలెత్తి చూపేది మన పోడునే. మనవాళ్లు కొండలు తగలబెట్టి నాశనం చేశారంటారు. చదువుకున్న మీరు దీనికి తలవంచుకోనక్కర్లేదు, అలాగని కోపంతో కొట్టిపారెయ్యనూ అక్కర్లేదు. విషయం తెలుసుకుని మాట్లాడాలి.

మన తాతలు పోడు ఎలా చేశారు? చెట్టును మోకాలి ఎత్తులో నరికి మోడు వదిలేవారు. మోడు వేళ్లు మట్టిని పట్టుకునే ఉండేవి. నాగలి పెట్టకుండా చిన్న గునపంతో గుంట తీసి గింజ వేసేవారు. ఒకే చోట సామ, చోడి, కొర్ర, జొన్న, కంది, వలిసెలు, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసేవారు. ఒకటి కోతకొస్తే ఇంకొకటి ఆకు మీదుండేది, నేల ఎప్పుడూ ఉత్తగా ఉండేది కాదు. కాల్చిన బూడిద మన ఆమ్ల నేలల పులుపును తగ్గించి మొదటి రెండు మూడేళ్లు పంటకు బలమిచ్చేది. ఆ బలం తగ్గగానే వదిలేసి, పది పదిహేనేళ్లు అడవికి అప్పజెప్పేవారు. అడవి మళ్లీ మట్టిని నింపేది. పోడు అంటే నరకడం ఒక్కటే కాదు. వదిలెయ్యడమే అందులో సగం.

ఆ వదిలే సగం మన చేతుల్లోంచి పోయింది. రిజర్వు అడవులు ఒకవైపు, మాచ్‌ఖండ్ లాంటి జలాశయాల కింద మునిగిన ఊళ్లు ఇంకోవైపు, పెరిగిన కుటుంబాలు మరోవైపు. తిరగడానికి నేల లేదు. పదిహేనేళ్ల బీడు మూడేళ్లకు వచ్చింది, తర్వాత అసలే లేకుండా పోయింది. పట్టా వచ్చాక ఒకేచోట స్థిరపడ్డాం. అది మంచిదే, మనం కోరుకున్నదే. కానీ తిరిగే సాగు నిలబడిపోయినప్పుడు, అడవి చేసిన పని ఎవరు చెయ్యాలన్నది పట్టా మీద రాయలేదు. మోళ్లు పెకలించి నాగలి పెట్టారు, కొన్నిచోట్ల ట్రాక్టరు పెట్టారు. పైనుంచి కిందికి దున్నితే ప్రతి చాలూ ఒక చిన్న గెడ్డే. పది పంటల చోట ఒకే పంట వచ్చింది. అల్లం, పసుపు తవ్వాక నేలంతా గుల్ల అవుతుంది. ఆ గుల్ల నేల మీద ఏ కప్పూ లేకుండా వేసవి చివరి వానలు పడితే మట్టి నిలబడదు. కూలి ఖర్చు కలిసొస్తుందని గడ్డిమందు కొట్టిన వాలు ఇంకా ప్రమాదం. గడ్డి వేరు కూడా మిగలదు కదా.

నష్టం నాలుగు చోట్ల

మొదటి నష్టం గరువులో. పోయేది బరువైన రాయి కాదు, తేలికైన పైమట్టి. నల్లటి భాగం, బలమున్న భాగం అదే. అందుకే రెండు అంగుళాలు పోతే బలంలో సగం పోయినట్టుంటుంది. విత్తనం అంతే వేస్తాం, కష్టం అంతే పడతాం, కుంచాలు తగ్గుతాయి.

రెండో నష్టం కింద పల్లంలో. పైనుంచి దిగిన మట్టి మొదట్లో వరిమడికి మేలు చేసినట్టే ఉంటుంది. కొన్నేళ్లకు పైన మెత్తటి మట్టి అయిపోయి ఇసుక, గులక దిగుతాయి. మడి మెరక అవుతుంది, గట్టు తెగుతుంది. పైన గరువు ఒకరిది, కింద పల్లం ఇంకొకరిది. ఊళ్లో తగవులు ఇక్కడే మొదలవుతాయి.

మూడో నష్టం ఊటలో. వాన ఇంకని కొండకు వేసవిలో ఊట ఉండదు. మాఘమాసం వరకూ పారే గెడ్డ సంక్రాంతికే సన్నగిల్లితే ఆ బిందె బరువు ఎవరి నెత్తి మీద పడుతుందో ఇక్కడున్న చెల్లెళ్లకు చెప్పక్కర్లేదు.

నాలుగో నష్టం కంచంలో. హాస్టల్ వంటగదిలో నిలబడి చూసేవాళ్లం కాబట్టి ఇది మాకు బాగా తెలుసు. చోడి అంబలి, సామన్నం, కందులు, చిక్కుళ్లు, రకరకాల దుంపలు తిని పెరిగే ఇంటికీ, ఒక్క బియ్యం మీద బతికే ఇంటికీ తేడా పిల్లల ముఖంలో కనిపిస్తుంది. నేల పలచబడితే ముందు పోయేది రకాలు. తర్వాత పోయేది మనుషులు. విశాఖకో, చెన్నైకో పనికి వెళ్లిన కుర్రాళ్లను అడిగితే పొలంలో ఏం మిగలట్లేదు అంటారు. మిగలకపోవడానికి ధర ఒక కారణం, మట్టి ఇంకో కారణం.

పోయిన మట్టి ఎక్కడికి వెళ్తుంది? మత్స్యగెడ్డలో కలిసింది మాచ్‌ఖండ్ మీదుగా సీలేరుకు, శబరికి, కూనవరం దగ్గర గోదావరికి చేరుతుంది. దారిలో జలాపుట్, బలిమెల జలాశయాల్లో కొంత దిగుతుంది. అనంతగిరి కొండల వైపు మట్టి గోస్తని, శారద నదుల్లో పడి తాటిపూడి, రైవాడ జలాశయాలకు చేరుతుంది. విశాఖపట్నం తాగే నీళ్లలో ఆ రెండు జలాశయాల నీళ్లూ ఉన్నాయి. కాబట్టి కొండ మీద మట్టి నిలబెట్టడం మన ఇంటి పని మాత్రమే కాదు, కిందివాళ్లకు మనం చేసే మేలు కూడా. ఆ మేలుకు తగ్గ సాయం అడగడంలో తప్పు లేదు.

బస్తా ఎంతవరకు?

బలం తగ్గింది కదా, యూరియా బస్తా వేస్తే సరిపోదా అని అడుగుతారు. మన ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం ఎక్కువ. ఎక్కువ వానకు సున్నం, పొటాషు లాంటివి కడుక్కుపోయి నేల పుల్లబడుతుంది. పుల్లటి నేలలో వేసిన భాస్వరం ఇనుముతో కలిసి బిగుసుకుపోతుంది, మొక్కకు చాలావరకు అందదు. యూరియా ఏళ్ల తరబడి వేస్తూపోతే పులుపు ఇంకా పెరుగుతుంది. ఇంకో సంగతి, మట్టే పారిపోయే వాలు మీద ఎరువు మాత్రం ఎలా ఆగుతుంది? చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. ముందు చిల్లు పూడ్చాలి.

అసలు మన నేల ఎలా ఉందో తెలుసుకోవాలి. 2015 ఫిబ్రవరి 19న కేంద్రం నేల ఆరోగ్య కార్డుల పథకం మొదలుపెట్టింది. కార్డులో పన్నెండు అంశాలుంటాయి. మీరు ముందు రెండు చూడండి. ఒకటి పీహెచ్. అది 5.5 కంటే తక్కువుంటే నేలకు సున్నం కావాలని అర్థం. ఎంత వెయ్యాలో వ్యవసాయ సహాయకులనో, చింతపల్లి పరిశోధన స్థానం వాళ్లనో అడిగి వెయ్యాలి. రెండోది సేంద్రియ కర్బనం. అర శాతం కంటే తక్కువుంటే నేల ఆకలితో ఉన్నట్టు. నమూనా తీసేటప్పుడు గట్టు పక్కన, పెంటకుప్ప పక్కన తియ్యకూడదు. పొలంలో ఎనిమిది పది చోట్ల జానెడులోపు లోతున తీసి, కలిపి, అరకిలో పంపాలి. అక్షరం వచ్చిన మీరు ఊరికి చెయ్యగల మొదటి సాయం ఇదే.

మనలాంటివాళ్లు ఏం చేశారు

ఇది చెయ్యలేని పని కాదు. మనలాంటివాళ్లే చేసి చూపించారు. సీతంపేట కొండల నుంచి ఒడిశా గజపతి దాకా సవర సోదరులు వాలును మెట్లు మెట్లుగా చెక్కి, రాతిగోడలు పేర్చి వరి పండిస్తున్నారు. ఇంజనీర్లు వెళ్లి నేర్పింది కాదు అది. మాచ్‌ఖండ్ అవతల కోరాపుట్ ఆదివాసీల సంప్రదాయ సాగును 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తించింది. అక్కడి పోరజ అమ్మ కమలా పూజారి దేశీ వరి విత్తనాలను కాపాడినందుకు 2019లో పద్మశ్రీ అందుకున్నారు. దూరాన నాగాలాండ్‌లో ఖొనోమా ఊరివాళ్లు పోడులోనే ఆల్డర్ చెట్లను పెంచుతారు. ఆ చెట్టు వేళ్లు గాలిలోని నత్రజనిని నేలకు ఇస్తాయి. చెట్టును మొదలంటా నరకరు, పైకొమ్మలు కొట్టి కింద పంట వేస్తారు. నరకడం, నిలబెట్టడం రెండూ ఒకే పొలంలో.

మన దగ్గరా ఉంది. నీడ చెట్ల కింద కాఫీ, చెట్టుకు మిరియం తీగ వేసిన తోటలోకి వానలో వెళ్లి చూడండి. నేల మీద ఆకుల కప్పు, కిందికి దిగే నీళ్లు తేటగా ఉంటాయి. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు కాఫీ రుచి గురించి అందరూ చెబుతారు. అది మట్టిని కాపాడుతుందన్న మాట మనం చెప్పాలి. మన జాకర దేవత కొలువున్న చోట చెట్టు నరకకూడదని పెద్దలు పెట్టిన కట్టుబాటు కూడా ఈ పనే చేసింది. కొండ నెత్తిన చెట్టు నిలిస్తే కింద ఊట నిలుస్తుంది.

మూడు కర్రలు, ఒక తాడు, ఒక రాయి

ఇక చేతి పని. వాలు మీద గట్టు ఎక్కడ వెయ్యాలి? కంటి అంచనాతో వేస్తే నీళ్లు ఒకవైపు చేరి అక్కడే గండి పెడతాయి. గట్టు సమమట్టంగా సాగాలి. దానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. మనిషి ఎత్తు కర్రలు రెండు పైన కలిపి కట్టండి, కాళ్లు విడదీసి మధ్యలో అడ్డకర్ర కట్టండి. పైముడి నుంచి తాడుకు రాయి వేలాడదీయండి. రెండు కాళ్లూ రెండు రాళ్ల మీద ఆనించి, అడ్డకర్ర మీద తాడు తగిలినచోట గుర్తు పెట్టండి. తర్వాత కాళ్లను తారుమారు చేసి ఇంకో గుర్తు పెట్టండి. రెండు గుర్తుల నడిమధ్య గీత గీయండి. తాడు ఆ గీత మీదికి వస్తే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు.

ఇప్పుడు పొలంలో ఒక కాలు కదలకుండా ఉంచి, తాడు గీత మీదికి వచ్చేదాకా రెండో కాలు పైకీ కిందికీ జరపండి. అక్కడ గూటం కొట్టండి. అలా పొలం చివరిదాకా వెళ్తే గూటాల వరుస వస్తుంది. ఆ వరుస మీద రాళ్లు పేర్చండి, "పెరిగిన" రాళ్లు ఎలాగూ ఉన్నాయి కదా. రాతికట్ట పైవైపున అనాసో, వట్టివేరో, కందో వరుసగా నాటండి. అక్కడి నుంచి ఒక మీటరు దిగుడు వచ్చేచోట ఇంకో వరుస. దున్నకం, నాట్లు అన్నీ ఆ వరుసలకు అడ్డంగా కాకుండా వాటి వెంబడే సాగాలి. రెండు మూడేళ్లలో గట్టు వెనక మట్టి చేరి మెట్టు దానంతటదే తయారవుతుంది.

అల్లం, పసుపు వేస్తే తప్పకుండా ఆకు కప్పండి. కోత అయ్యాక చెత్త కాల్చకండి, నేల మీదే పరవండి. వలిసెలు, రాజ్‌మా, ఉలవ లాంటివి రెండో పంటగా వేసి నేలను ఉత్తగా వదలకండి. చోడిని గుళ్లు తీసి పశువుల ఎరువు వేసి నాటితే తక్కువ విత్తనంతో ఎక్కువ పిలకలు వస్తాయి, దున్నకమూ తగ్గుతుంది.

గ్రామసభలో అడగండి

అందరూ చేత్తోనే చేసుకోవాలని మేం అనడం లేదు. ఉపాధి పనుల్లో రాతికట్టలు, కందకాలు, భూమి అభివృద్ధి చేయించుకోవచ్చు. ఆ పనుల జాబితా గ్రామసభలో తయారవ్వాలి. ఎవరి పొలం, ఏ వాలు, ఎన్ని మీటర్లు అని మీరు కాగితం మీద రాసి తీసుకెళ్తే ఆ మాటకు బరువుంటుంది. రోడ్డు వేసేటప్పుడు తవ్విన మట్టిని కిందివాళ్ల మడుల్లోకి తోసేస్తుంటే అడగండి. అటవీ హక్కుల చట్టం అయిదో సెక్షన్ చదవండి. అడవిని, నీటి వనరులను, పరీవాహక ప్రాంతాన్ని కాపాడే అధికారం, బాధ్యత రెండూ గ్రామసభకు ఇచ్చింది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. కాబట్టి గట్టు ఎక్కడ వెయ్యాలి, ఏ పంట వెయ్యాలి అని మాట్లాడే చోట ఆడవాళ్లు కూడా కూర్చోవాలి. విత్తనం దాచేది వాళ్లే, నీళ్లు మోసేది వాళ్లే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మిమ్మల్ని ఉద్యోగాలు మానుకుని నాగలి పట్టమని చెప్పడానికి మేం రాలేదు. చదవండి, పోటీ పరీక్షలు రాయండి, పెద్ద ఉద్యోగాల్లోకి వెళ్లండి. మిమ్మల్ని చూసి గర్వపడటం కోసమే మేం హాస్టళ్లలో ఉన్నాం. అయితే ఉద్యోగం అందరికీ రాదు. వచ్చినవాళ్ల వెనక కూడా అమ్మానాన్నా, అన్నదమ్ములూ ఆ గరువు మీదే బతుకుతారు. ఎక్కడున్నా మనం ఫలానా కొండవాళ్లం అని చెప్పుకోవాలంటే ఆ కొండ మీద మట్టి ఉండాలి కదా.

సంఘానికి మా విన్నపం ఒకటి. వచ్చే చైత్రంలో ఇటుకల పండగకు దిసారి ముహూర్తం పెట్టి, విత్తనం దేవుడి దగ్గర పెట్టేలోపు, ఊరికి ఒక్క పొలంలో, ఎవరిదైనా సరే, కుర్రాళ్లంతా కలిసి ఒక్క రాతి వరుస వెయ్యండి. దాని పైవైపు ఒక కర్ర పాతి నేల మట్టానికి గుర్తు పెట్టండి. వానలు వెలిశాక ఆ గుర్తు దగ్గర ఎన్ని వేళ్ల మట్టి ఆగిందో కొలవండి. కొలిచింది రాసుకుని వచ్చే ఏడాది ఇదే సభలో చదవండి. ఉపన్యాసాలు మేం తగ్గించుకుంటాం, ఆ లెక్కలు వింటాం.

జై ఆదివాసీ!